ఉద్యోగంలో ఏ లోటూ లేదు, కానీ రాత్రి మందు లేనిదే నిద్ర లేదు: దీన్ని వ్యసనం అనవచ్చా?

ప్రశ్న: నిజాంపేట లెక్చరర్

మా వారి వయసు 42 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో డెలివరీ మేనేజర్‌గా పనిచేస్తున్నారు. ఆయన చూసే ప్రాజెక్టులన్నీ అమెరికా క్లయింట్లవే కాబట్టి సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే కాల్స్ రాత్రి పన్నెండున్నర, ఒంటిగంట దాకా సాగుతాయి. మళ్ళీ ఉదయం పదిన్నరకల్లా ఇక్కడి టీముతో పని మొదలవుతుంది. ఒకప్పుడు ఆయన మందు పుచ్చుకునేది పెళ్ళిళ్ళలోనో, స్నేహితులు కలిసినప్పుడో మాత్రమే. ఇంటి నుంచి పనిచేయడం మొదలైన తరువాత, కాల్స్ ముగిశాక నిద్ర పట్టడం లేదని రెండు పెగ్గులు తీసుకోవడం అలవాటైంది. ఆ రెండూ పెరిగి పెరిగి ఇప్పుడు 375 మిల్లీలీటర్ల విస్కీ హాఫ్ ఒక్క రాత్రిలో అయిపోతోంది. దానికి తోడు, ఎప్పుడో ఒక వైద్యుడు ఆందోళన తగ్గడానికి పది రోజులకని రాసిన అల్ప్రాజోలం 0.5 మిల్లీగ్రాముల బిళ్ళను, ఆ పాత చీటీతోనే మందుల షాపులో కొనుక్కుంటూ దాదాపు రోజూ వేసుకుంటున్నారు.

ఉద్యోగంలో ఆయనకు ఎదురు లేదు. ఈ ఏప్రిల్‌లో ప్రమోషన్ వచ్చింది. ఒక్క కాల్ తప్పిపోరు, ఇంటి వాయిదా ఒక్కటి ఆలస్యం చేయరు, ఎవరితోనూ గొడవ పడరు. నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా "తాగుబోతునైతే ఇంత పని ఎలా చేస్తాను?" అంటారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఉదయం పూట ఆయన చేతులు వణకడం నేను రోజూ చూస్తున్నాను. పాప స్కూలు డైరీలో సంతకం పెట్టమంటే "నువ్వే పెట్టు" అని పక్కకు జరుపుతారు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇబ్బందిపడి, మెడ దగ్గర గుండీ లేని టీషర్టులకు మారిపోయారు. మొన్న సంక్రాంతికి మా మామయ్యగారి ఊళ్ళో మందు ముట్టకుండా ఉన్నప్పుడు రెండో రోజుకే ఒళ్ళంతా చెమటలు, వణుకు, గుండె దడ, రాత్రంతా జాగారం. జ్వరమనుకుని ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత సెలైన్ పెట్టించాము.

మా బావగారికి సగం విషయం తెలుసు. కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తే 41 రోజుల్లో అన్నీ సర్దుకుంటాయని ఆయన అంటున్నారు. మా పిన్ని మాత్రం, మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టే పొడి ఒకటి దొరుకుతుందని దాని ప్రకటన పంపింది. నా ప్రశ్నలు రెండే. ఇంత చక్కగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషి స్థితిని వ్యసనం అనవచ్చా? అయితే, మొదటి అడుగు ఎక్కడ వేయాలి?

సమాధానం: విశాఖ మనోవైద్యుడు

అమ్మా, మీ రెండు ప్రశ్నలకన్నా ముందు జవాబు చెప్పవలసింది సంక్రాంతి సంగతికి. రోజూ ఎక్కువ మోతాదులో తాగే మనిషి ఆపిన మరునాడు చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, నిద్ర లేకపోవడం విత్‌డ్రాయల్ లక్షణాలు. శరీరం మద్యానికి ఎంతగా అలవాటుపడిందో అవే చెబుతున్నాయి. ఇప్పుడు ఉదయం పూట కనిపించే వణుకు కూడా అదే, కాకపోతే తక్కువ మోతాదులో. కాబట్టి ఇది వ్యసనమా కాదా అన్న విషయంలో, మీరు రాసినదాన్ని బట్టి, నాకు పెద్దగా సందేహం లేదు.

దయచేసి ఆయన చేత ఒట్టు వేయించి మందూ బిళ్ళా రెండూ ఒక్కసారిగా మాన్పించకండి. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని మద్యం పెంచుతుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్ పనిని అణచివేస్తుంది. నెలల తరబడి ఇలా జరిగితే మెదడు తన ఉత్తేజాన్ని తానే పెంచుకుని ఎలాగో సమతూకం తెచ్చుకుంటుంది. ఆ స్థితిలో మద్యం హఠాత్తుగా ఆగితే పెరిగిన ఉత్తేజానికి పగ్గం ఉండదు. మొదటి 6 నుంచి 24 గంటల్లో వణుకు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే ప్రాణాంతక స్థితి రావచ్చు. అందులో మనిషికి ఎదురుగా లేనివి కనిపిస్తాయి, తానెక్కడున్నదీ తెలియదు. అల్ప్రాజోలం కూడా ఇదే గాబా మీద పనిచేసే మందు కాబట్టి దాన్ని హఠాత్తుగా ఆపినా ఫిట్స్ రావచ్చు. ఆయనకు ఈ రెండూ కలిసి ఉన్నాయి. మాల వేసుకునే రోజుల్లో, మూడు నాలుగు రోజుల క్రితమే మందు మానేసి, ఫిట్స్‌తోనో మతిభ్రమతోనో నల్లబట్టల మీదే ఆసుపత్రికి చేరిన స్వాములను మేము చూస్తూనే ఉంటాము. దీక్ష మీద నాకు గౌరవం ఉంది. ఆసుపత్రిలో విత్‌డ్రాయల్ దశ దాటిన తరువాత దీక్ష తీసుకుంటే అది ఆయనకు నిజంగా ఆసరా అవుతుంది; దానికన్నా ముందు మాత్రం వద్దు.

అలాగని ఆ రెంటినీ ఇలాగే కలిపి కొనసాగించడమూ క్షేమం కాదు. ఒక్కొక్కటి విడిగా తట్టుకోగల మోతాదే అయినా, కలిసినప్పుడు నిద్రలో ఊపిరి మందగించి ఆగిపోయే ప్రమాదం ఉంది. మందులతో ఏ రోజు దేన్ని ఎంత తగ్గించాలన్నది పరీక్ష చేసిన వైద్యుడే నిర్ణయించాలి. సాధారణంగా అల్ప్రాజోలం స్థానంలో ఎక్కువ సేపు పనిచేసే డయాజెపాం వంటి మందు ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు; కాలేయం బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపాం వంటివి వాడతారు. మోతాదు మోస్తరుగా ఉన్నవారికి ఇంటి దగ్గరే ఇది చేయవచ్చు గానీ, మీ వారిని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

సెలైన్ గురించి కూడా ఒక మాట. రోజూ తాగేవారిలో విటమిన్ బి1, అంటే థయమిన్, బాగా తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా నీరసానికని గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి, మెదడు దెబ్బతినే వెర్నికీ వ్యాధి రావచ్చు. మద్యం అలవాటు సంగతి చెప్పకుండా ఎక్కడా సెలైన్ పెట్టించకండి.

ఇక "తాగుబోతునైతే ఇంత పని ఎలా చేస్తాను?" అన్న మాట. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు ఉండేవారు. ఆపరేషన్ గదిలోకి రబ్బరు తొడుగులు తెచ్చిన ఖ్యాతి ఆయనది, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రవైద్య విభాగానికి తొలి అధిపతి. 1884లో కొకైన్‌ను మత్తు ఇంజెక్షన్‌గా తన మీద తానే పరీక్షించుకుంటూ దానికి బానిసయ్యారు, తరువాత మార్ఫిన్‌కు అలవాటుపడ్డారు. ఆయన మార్ఫిన్ సంగతి తెలిసిన సహచరుడు విలియం ఆస్లర్ రాసిపెట్టిన రహస్య కథనం 1969లో గాని బయటికి రాలేదు. అప్పటికి హాల్‌స్టెడ్ పోయి 47 ఏళ్ళు. మార్ఫిన్ అలవాటు ఉన్నన్నాళ్ళూ ఆయన ఆపరేషన్లు చేశారు, ఒక తరం సర్జన్లను తయారుచేశారు. చదువూ బాధ్యతా ఉన్న మనిషి తన దగ్గర మిగిలిన శక్తినంతా ముందుగా ఉద్యోగానికే కేటాయిస్తాడు. నిద్ర, ఒళ్ళు, ఇంట్లో మాటామంతీ, పిల్లలతో గడిపే పొద్దు మొదట తరుగుతాయి, ఉద్యోగం అన్నిటికన్నా చివర దెబ్బతింటుంది. అక్కడ దెబ్బ కనబడేదాకా ఆగితే కాలేయం అంతకాలం ఆగదు.

ఆయనకు లెక్కలంటే నమ్మకం ఉంటుంది కాబట్టి ఈ లెక్క చూపించండి. 42.8 శాతం ఆల్కహాలు ఉండే 375 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 125 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. శరీరం గంటకు దాదాపు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చుచేయగలదు. రాత్రి రెండింటికి పడుకున్న మనిషి ఉదయం ఎనిమిదింటికి పాపను కారులో స్కూలుకు దింపితే, మోటారు వాహనాల చట్టం అనుమతించే 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాముల హద్దు ఆయన రక్తంలో ఇంకా దాటే ఉంటుంది. మొహాన నీళ్ళు కొట్టుకున్నా, ఫిల్టర్ కాఫీ తాగినా ఆ లెక్క మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పత్రం కూడా ఉంది. 40 మార్కుల్లో 8 చేరితే జాగ్రత్తపడాలి, 20 చేరితే వ్యసనం ఉండవచ్చునని వైద్యుడి చేత పూర్తి పరీక్ష చేయించుకోవాలి. మీరు అడిగి నింపవద్దు, ఆయననే ఒంటరిగా నింపుకోనివ్వండి.

ఆ పొడి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. అలాంటి వాటిలో ఏముందో చెప్పేవారుండరు. డైసల్ఫిరామ్ గనక ఉంటే, దాని మీద మద్యం పడినప్పుడు మొహం ఎర్రబడటం, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం కూడా జరగవచ్చు. ఆ మందును మనిషికి పూర్తిగా వివరించి, ఆయన ఒప్పుకుంటేనే మేము ఇస్తాము. ఆపిన తరువాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులున్నాయి. మొదటిదానికి కాలేయం, రెండోదానికి మూత్రపిండాలు పరీక్షించి ఇస్తారు.

ఎయిమ్స్ వైద్యులు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం చేయగా 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సహాయం పొందినట్లు తేలింది. కాబట్టి ఇందులో మీ కుటుంబం ఒంటరిది కాదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ, మా విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి, బెంగళూరు నిమ్హాన్స్, ఏ పెద్దాసుపత్రిలోనైనా మనోవైద్య విభాగం, వీటిలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు.

సమాధానం: విజయవాడ ఆడిటర్

చెల్లెమ్మా, డాక్టరుగారు వైద్యం చెప్పారు. నేను చార్టర్డ్ అకౌంటెంటును. ఈ దారిలో వెళ్ళి వెనక్కి వచ్చినవాడిని. లోపల ఏం జరుగుతుందో చెబితే మీ వారితో మాట్లాడటానికి మీకు ఉపయోగపడవచ్చు.

నా విషయంలో సెప్టెంబరు నెలాఖరు టాక్స్ ఆడిట్ గడువే పెద్ద సాకు. గడువు ముందు ఒత్తిడి తట్టుకోవడానికి, గడువు తీరాక దాన్ని జరుపుకోవడానికి, గడువులు లేని రోజుల్లో ఖాళీగా ఉన్నందుకు మందు కావలసి వచ్చేది. అలాగని ఒక్క రిటర్ను కూడా తప్పు దాఖలు చేయలేదు. ఆ ఒక్క సంగతిని పట్టుకుని ఎవరు ఏమన్నా ఎదురు వాదించేవాణ్ణి. తాగుబోతు అంటే సారా దుకాణం ముందు పడిపోయి ఉండేవాడు అనే బొమ్మ మనందరి మనసులో ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, బ్యాంకులో నిల్వ, గుడికి విరాళం ఉన్నవాడు ఆ బొమ్మలో ఇమడడు. ఇమడనంతకాలం తనకు జబ్బు లేదనే ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మీ వారు మీకు అబద్ధం చెబుతున్నారని అనుకోకండి, ఆయన దాన్ని నమ్మే ఉంటారు.

బయటివారికి తెలియకుండా పని నడిపించడం కూడా ఒక ఉద్యోగమే. ముఖ్యమైన సంభాషణలన్నీ పదకొండు తరువాతికి పెట్టుకోవడం, సంతకాలన్నీ మధ్యాహ్నానికి వాయిదా వేయడం, టీ గ్లాసును సగానికి మించి నింపనివ్వకపోవడం, ఊరికి వెళ్ళాలంటే అక్కడ షాపు ఎంత దూరమో ముందే కనుక్కోవడం, ఖాళీ సీసాలను రెండు మూడు వీధుల అవతల పారేయడం. మీరు గుండీలు లేని టీషర్టుల గురించి రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ ఏర్పాట్లకే రోజులో ఎంతో తెలివి ఖర్చవుతుంది. అది పోగా మిగిలిన దానితోనే ప్రమోషన్ తెచ్చుకున్న మనిషికి, అసలు శక్తి ఎంత ఉండి ఉంటుందో ఆలోచించండి. ఈ మాట ఆయనతో అనవచ్చు కూడా, తిట్టులా వినబడదు.

మా ఆవిడ "తాగుడు మానండి" అన్నంతకాలం నేను వాదించాను. ఒకరోజు ఉదయం, నేను నిదానంగా ఉన్న వేళ చూసి, "మీరు రాత్రి మూడింటికి లేచి కూర్చుంటున్నారు, నిద్ర కోసం డాక్టరు దగ్గరకు వెళదాం" అంది. దానికి వాదన దొరకలేదు. మద్యం మొదటి జాము నిద్ర పట్టిస్తుంది గాని తెల్లవారుజామున అదే లేపుతుంది. నిద్ర కోసమే తాగుతున్నానని చెప్పేవారికి ఇది ఇంట్లో అందరికన్నా ముందు తెలుసు. మీరూ నిద్ర దగ్గర మొదలుపెట్టి చూడండి. తాగి ఉన్నప్పుడు గానీ, బావగారినో మామయ్యగారినో కూర్చోబెట్టి పంచాయతీలా గానీ ఈ మాట ఎత్తవద్దు. అత్తమామల ఎదుట తలదించుకున్న మనిషి ఆ రాత్రికి ఇంకో పెగ్గు కలుపుకుంటాడు.

చికిత్స తరువాత నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు, అంటే తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సమావేశాలు. పేరు అడగరు, ఫీజు లేదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు స్టాక్ మార్కెట్లో పనిచేసినవారు, ఇంకొకరు సర్జన్. హైదరాబాద్‌లో ఇంగ్లీషు సమావేశాలతో పాటు తెలుగువీ ఉన్నాయి. కుటుంబ సభ్యుల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. ఆయన వెళ్ళినా వెళ్ళకపోయినా మీరు వెళ్ళండి.

నిజాంపేట లెక్చరర్

ఇద్దరికీ నమస్కారాలు. ఆడిటర్‌గారు చెప్పినట్లే నిద్ర సంగతి ఎత్తాను. మొదటిసారి "చూద్దాం" అన్నారు. కానీ వెంటనే ఆయన అడిగింది, ఆఫీసులో తెలుస్తుందా అని. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే ఆసుపత్రి కాగితాలు కంపెనీకి వెళతాయని, కొత్త పదవిలో ఉండగా ఇది బయటపడితే అంతా ముగిసినట్లేనని ఆయన భయం. ఈలోగా మా బావగారు నగర శివారులోని ఒక డీ-అడిక్షన్ సెంటర్‌తో మాట్లాడారు. మనం ఊఁ అంటే చాలు, వాళ్ళే బండి వేసుకుని రాత్రిపూట వచ్చి తీసుకెళతారట, మూడు నెలలు ఫోన్ కూడా ఇవ్వరట. ఇది సరైనదేనా?

సమాధానం: హెచ్‌ఆర్‌లో పనిచేసిన న్యాయవాది

మేడమ్, వద్దు. మీ వారు మాట వినే స్థితిలో ఉన్నారు, "చూద్దాం" అన్నారు. ఆ మాటను బండి పంపి చెడగొట్టుకోకూడదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం ఇచ్చిన మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి వస్తాయి. అంటే ఇలాంటి రోగులను చేర్చుకుని ఉంచే సంస్థ ఆ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. మనిషి సమ్మతి లేకుండా చేర్చుకోవడానికి 89వ సెక్షన్ ఉంది గాని, దానికి షరతులు గట్టివి: తనకో ఇతరులకో హాని చేసే పరిస్థితి, లేదా తనను తాను చూసుకోలేని పరిస్థితి ఉందని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చెప్పాలి, అదీ మొదట 30 రోజులకు మించకుండా. భార్యో అన్నో ఫోన్ చేశారని రాత్రి వచ్చి ఎత్తుకుపోవడానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. మీ బావగారు ఆ సెంటర్‌ను మూడు విషయాలు అడగాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, రోజూ వచ్చే మనోవైద్యుడు ఎవరు, అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు. డాక్టరుగారు విత్‌డ్రాయల్ గురించి రాసింది చదివాక, మూడోదానికి జవాబు లేని చోట మనిషిని వదిలే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

ఆఫీసు సంగతికి వస్తే, చికిత్స వివరాల గోప్యత ఆ చట్టంలోని 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. వైద్యుడు ఆయన అనుమతి లేకుండా కంపెనీకి ఏమీ చెప్పకూడదు. సెలవు కోసం ఇచ్చే మెడికల్ సర్టిఫికెట్‌లో "ఆసుపత్రిలో చేరి చికిత్స అవసరమైంది, ఇన్ని రోజులు విశ్రాంతి కావాలి" అని ఉంటే మామూలుగా సరిపోతుంది. ఆ మాట చేరే ముందే వైద్యునితో మాట్లాడుకోండి. నేను పనిచేసినన్నాళ్ళలో, తనంతట తాను చికిత్సకు వెళ్ళివచ్చిన మనిషి కెరీర్ పాడైన సందర్భం నాకు ఎదురుకాలేదు. మీటింగ్‌లోనే పరిస్థితి చేయి దాటిపోయాక బయటపడిన సందర్భాల్లో మాత్రం ఎవరికీ ఏమీ చేయగలిగేది మిగల్లేదు. కంపెనీలో కౌన్సెలింగ్ పథకం ఉంటే, అది బయటి సంస్థ నడిపేదా, సమాచారం ఎంతవరకు వెనక్కి వస్తుంది అన్నది రాతపూర్వకంగా చూసుకుని వాడుకోవచ్చు.

ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం మిమ్మల్ని ఆశపెట్టలేను. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. కానీ మద్యపానం, మాదకద్రవ్యాల వ్యసనానికి చికిత్సను మినహాయించే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. ఆ నిబంధన ఉంటే క్లెయిమ్ జోలికి పోకుండా సొంత డబ్బుతోనే కట్టుకోవడం మేలు. ఆయన భయపడే కాగితాలు కంపెనీ వైపు వెళ్ళే దారి కూడా దాంతో మూసుకుపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఖర్చు చాలా తక్కువ.

మందుల షాపు సంగతి కూడా చెప్పాలి. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలోది. వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణం విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. పాత చీటీ మీద మళ్ళీ మళ్ళీ ఇవ్వడం ఆ షాపు చేస్తున్న చట్టవిరుద్ధమైన పని. అయితే డాక్టరుగారు చెప్పినదాన్ని బట్టి చూస్తే, ఆయన్ని వైద్యునికి చూపించకముందే షాపు వాడితో గొడవపడి సరఫరా ఆపించడం ప్రమాదం. ముందు వైద్యం కానివ్వండి.

ఇది చదివే ఇతరుల కోసం: గంజాయి, కొకైన్ వంటి వాటికి అలవాటుపడినవారు పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి వెళ్ళరు. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పొందితే ఆ కేసు నుంచి రక్షణ లభిస్తుంది; చికిత్స పూర్తిచేయకపోతే అది పోతుంది. వ్యసనాల సమాచారానికి కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446.

సమాధానం: మణికొండ టీమ్ లీడ్

అందరూ మనిషినే సరిచేస్తున్నారు. పనిని కూడా కాస్త చూడండి. సాయంత్రం ఆరున్నర నుంచి ఒంటిగంట దాకా కాల్స్, మళ్ళీ ఉదయం పదిన్నరకు పని అంటే, రెండు దేశాల పగళ్ళను ఒకే మనిషి మోస్తున్నాడన్నమాట. 55 గంటలు, అంతకు మించి వారంలో పనిచేసేవారిలో, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. అతిగా పనిచేసేవారు హానికరమైన తాగుడులోకి జారే అవకాశం కూడా పది శాతానికి పైగా ఎక్కువని 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. మా అంతస్తులో పది నిమిషాలు నిలబడితే చాలు, రాత్రి డిప్లాయ్‌మెంట్ అయ్యాక "ఒకటి వేస్తేగాని పడుకోలేం" అనే మాట కనీసం ఇద్దరి నోట వింటారు. ఆ మనిషిని ఆసుపత్రిలో బాగుచేసి మళ్ళీ అదే ఒంటిగంట కాల్‌లో కూర్చోబెడితే ఎన్నాళ్ళు నిలుస్తాడు? నన్నడిగితే ఉద్యోగం మారడమే మందు.

సమాధానం: విశాఖ మనోవైద్యుడు

టీమ్ లీడ్‌గారి కోపం న్యాయమైనదే, చివరి మాట ఒక్కటి తప్ప. ఈ స్థాయికి చేరిన తరువాత ఒత్తిడి తగ్గినంత మాత్రాన వ్యసనం దానంతట అది తగ్గదు; మొదలవడానికి కారణమైనదీ, కొనసాగడానికి కారణమైనదీ ఇప్పుడు వేర్వేరు. మానిన మొదటి నెలల్లో ఉద్యోగం కూడా మారితే, కొత్త చోట నిరూపించుకోవాలన్న ఆత్రుత తోడవుతుంది. పదవి అలాగే ఉంచుకుని వేళలు మార్చుకోవడమే ముందు ప్రయత్నించాలి. చికిత్స తరువాత కనీసం మూడు నెలలు రాత్రి పది దాటిన కాల్స్‌కు మరొకరిని పెట్టాలని, నిద్రకు సంబంధించిన వైద్య కారణంతో సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. ఇలాంటి సర్టిఫికెట్లు నేను తరచుగా ఇస్తుంటాను. అందులో అబద్ధం ఏమీ లేదు. మద్యం మానిన తరువాత నిద్ర కుదుటపడటానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. తిరిగి మొదలుపెట్టేవారిలో చాలామంది చెప్పే కారణం కూడా ఆ నిద్రలేమే.

లెక్చరర్‌గారూ, ఆయన సరే అన్న రోజుకు కొన్ని మాటలు. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు రాత్రి "ఈ ఒక్కరోజైనా మానండి" అనకండి. ఉదయం పూటే వెళ్ళండి, కారు మీరు నడపండి లేదా ఆటోలో వెళ్ళండి. బిళ్ళల స్ట్రిప్, పాత చీటీ, కంపెనీ ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టులు తీసుకువెళ్ళండి. వాటిలో కాలేయానికి సంబంధించిన జీజీటీ అంకె ఏటేటా ఎలా పెరిగిందో చూస్తే వైద్యునికి సగం కథ తెలుస్తుంది. ఎంత తాగుతున్నారో ఆయన నోట తక్కువ చెబితే అక్కడే ఖండించకండి, తరువాత మీరు విడిగా వైద్యునితో మాట్లాడండి. మొదటి మోతాదు మందులు ఆ పరిమాణాన్ని బట్టే నిర్ణయిస్తారు.

ఈలోగా ఏ కారణం చేతనైనా మద్యం గానీ బిళ్ళ గానీ ఆగిపోయి ఇంట్లో ఫిట్స్ వస్తే, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ తగిలే వస్తువులు తీసేసి, 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో వచ్చినవారికి రెండు సంగతులు చెప్పండి: రోజూ ఎంత మద్యం, ఎంత అల్ప్రాజోలం తీసుకునేవారో, ఆఖరిసారి ఏది ఎన్ని గంటలకు తీసుకున్నారో.